గ్యాస్ తీస్తే కోనసీమ నేల కుంగుతుందా?

ప్రశ్న: అయ్యా, మాకు రాజోలు ప్రాంతంలో కొబ్బరి తోట ఉంది. మా అబ్బాయి కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చమురు తోడినందువల్ల అమెరికాలో ఒక ఊరు 29 అడుగులు కుంగిపోయిందని, వాళ్ల కళాశాలకు వచ్చిన ఒక నిపుణుడు తన ప్రసంగంలో ఫొటోలతో సహా చూపించారట. మా తోటలోకి పోటు వేళ డ్రెయిను వెంట ఉప్పునీరు ఎక్కుతోంది. చెట్లు మొవ్వులు ఎండి మోడులవుతున్నాయి. గ్యాస్ బావుల వల్ల మా నేల కూడా కుంగుతోందా?
— ఒక రైతు, రాజోలు మండలం

జవాబు: మీ అబ్బాయి విన్నది నిజమే. ఆ ఊరు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్, ఆ చమురు క్షేత్రం పేరు విల్మింగ్టన్. 1930ల నుంచి అక్కడ చమురు తోడుతూ పోగా రేవు ప్రాంతం ఏటేటా దిగిపోయి, అన్నిటికంటే ఎక్కువ కుంగిన చోట దాదాపు 9 మీటర్ల పల్లం ఏర్పడింది. అయితే ఆ ఫొటోలను కోనసీమకు అన్వయించుకునే ముందు అక్కడి నేల ఎందుకు కుంగిందో తెలుసుకోవాలి.

భూగర్భంలో చమురు గాని గ్యాస్ గాని చెరువులో నీరులా నిలిచి ఉండదు. ఇసుకరాతి రేణువుల నడుమ సన్నని సందుల్లో ఇమిడి ఉంటుంది. పైనున్న మట్టి, రాతి పొరల బరువులో కొంత ఆ రేణువులు మోస్తే, మరికొంత సందుల్లో పీడనంతో ఉన్న చమురు, గ్యాస్, నీరు మోస్తాయి. వాటిని తోడేసిన కొద్దీ పీడనం తగ్గి, ఆ వాటా బరువు కూడా రేణువుల మీదే పడుతుంది కాబట్టి అవి మరింత దగ్గరగా నొక్కుకుంటాయి. ఆ కుంగుబాటు నేల మీదికి ఎంతవరకు వస్తుందన్నది పొర మందం, రాతి గట్టిదనం, క్షేత్రం విస్తీర్ణం, లోతు, పీడనం తగ్గిన మేర, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. విల్మింగ్టన్‌లో ఇసుక పొరలు మందంగా, వదులుగా, తక్కువ లోతులో ఉన్నాయి. 1950లలో ఆ పొరల్లోకి నీటిని ఎక్కించడం మొదలుపెట్టి క్రమంగా పెంచాక కుంగుబాటు ఆగింది.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ గ్యాస్ క్షేత్రం మరో రకం. అక్కడ గ్యాస్ పొర సుమారు 3 కిలోమీటర్ల లోతున ఉంది, రాయి కూడా గట్టిది. అందువల్ల 1963లో ఉత్పత్తి మొదలై అర్ధ శతాబ్దం గడిచినా నేల సెంటీమీటర్ల లెక్కలోనే కుంగింది. అయినా ప్రజలు నష్టపోయారు. పొరలు నొక్కుకుపోతున్న క్రమంలో పాత పగుళ్లు కదిలి భూకంపాలు వచ్చాయి. 2012లో వచ్చినది 3.6 తీవ్రత గలది. తరువాతి సంవత్సరాల్లో ఉత్పత్తిని తగ్గిస్తూ వచ్చి 2023 అక్టోబరులో ఆపేశారు. ఎంతో లోతున ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదని ఆ అనుభవం చెబుతోంది.

ఇక మన నేల సంగతి. రాజమండ్రి పక్కన కాతేరు క్వారీల్లో కనిపించే నల్లరాయి కోట్ల ఏళ్ల నాటి లావా. అదే లావా మీ ప్రాంతం కింద చాలా లోతున పరచుకొని ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరకు మీ రాజోలు పేరే పెట్టారు. గ్యాస్ పొరలు ఆ లావాకు పైనా ఉన్నాయి, కిందా ఉన్నాయి. కోనసీమలో నేల మీద తవ్విన క్షేత్రాలు గ్రోనింగెన్‌లా ఒకే విశాలమైన పొర కావు. పగుళ్లతో విడివడిన చిన్న చిన్న క్షేత్రాలు. కాబట్టి లాంగ్ బీచ్ వంటి మీటర్ల లెక్క కుంగుబాటు ఇక్కడ జరుగుతుందని నేను అనుకోను.

మీ తోటలోకి ఉప్పునీరు ఎక్కడానికి అంతకంటే దగ్గరి కారణాలే కనిపిస్తున్నాయి. డెల్టా నేల ఒండ్రు మట్టి. అది తన బరువుకు తానే నెమ్మదిగా అణిగిపోతూ ఉంటుంది. ఏటా వరదతో కొత్త ఒండ్రు వస్తేనే ఆ లోటు తీరుతుంది. ఎగువన ఆనకట్టలు పెరిగాక ఆ రాక బాగా తగ్గింది: 1970లలో ఏడాదికి సుమారు 150 మిలియన్ టన్నులుగా ఉన్న ఒండ్రు 1990లలో 57 మిలియన్ టన్నులకు పడిపోయిందని, తీరం కోతకు గురవడానికి ఇదే ప్రధాన కారణమని ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. దీనికి సముద్ర మట్టం పెరగడం, బోర్లతో భూగర్భ జలం తోడటం, రొయ్యల చెరువుల ఉప్పునీరు, పూడిక తీయని డ్రెయిన్లు తోడయ్యాయి. శంకరగుప్తం డ్రెయిను వెంట కొబ్బరి తోటలు ఎలా దెబ్బతిన్నాయో మీకు తెలియనిది కాదు.

అయితే మీ అనుమానాన్ని కొట్టిపారేయడం అన్యాయం. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండటం, 2014లో నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోవడం చూసిన ప్రజలకు ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది. నేల మట్టాన్ని లెవలింగ్ అనే సర్వే పద్ధతితోను, జీపీఎస్‌తోను, ఉపగ్రహ రాడార్‌తోను మిల్లీమీటర్ల వరకు కొలవవచ్చు. బావుల దగ్గరా, వాటికి దూరంగా ఉన్న గ్రామాల్లోనూ ఏటా కొలిచి, ఆ అంకెలను పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. రెండు చోట్లా కుంగుబాటు ఒకేలా ఉంటే కారణం డెల్టాదే. బావుల చుట్టూ మాత్రమే ఎక్కువగా ఉంటే బాధ్యత తోడుతున్న వారిది. గ్రామసభలో తీర్మానం చేసి ఈ కొలతలు అడగండి.

ప్రశ్న: నేను పెట్రోలియం ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిని. నిపుణుల ప్రసంగాలకు వెళ్తున్నాను, పరిశోధన పత్రాలు చదవాలని ప్రయత్నిస్తున్నాను. విన్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, తరువాత ఏమీ మిగలడం లేదు. ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, సూరంపాలెం

జవాబు: ప్రసంగానికి ముందు రోజే వక్త రాసిన పత్రం ఒక్కటైనా చూసి వెళ్లండి. సొసైటీ ఆఫ్ పెట్రోలియం ఇంజనీర్స్ పత్రాలు వన్‌పెట్రో అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి; సంగ్రహాలు చదవడానికి డబ్బు కట్టనక్కరలేదు. పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా వరసగా చదవకండి. సంగ్రహం, ఆపై బొమ్మలు, పట్టికలు, ఆ తరువాతే ముగింపు చూడండి. పట్టికలో ఉన్న అంకె బావిలో కొలిచినదా, కంప్యూటర్ నమూనా ఇచ్చినదా అని ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి. చాలా పత్రాల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, చిక్కంతా అక్కడే వస్తుంది.

పై రైతుగారు ప్రస్తావించిన ప్రసంగం వంటిది విన్నప్పుడు మీరు లేచి అడగవలసినవి ఇవి: ఆ పొర ఎంత లోతున ఉంది, పీడనం ఎంత నుంచి ఎంతకు తగ్గింది, తోడటం మొదలుపెట్టక ముందు నేల మట్టాన్ని ఎవరైనా కొలిచారా? ఆ మూడో ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని తప్పకుండా రాసుకోండి. తెలుగులో అడగడానికి సంకోచించకండి. సాంకేతిక పదం తెలుగులో లేకపోతే ఇంగ్లీషు పదమే వాడండి.