పైలట్‌గా చేరినవారు పెద్ద అధికారి అయ్యాక విమానం నడపడం మానేస్తారా?

వైమానిక దళంలో పైలట్‌గా చేరిన వ్యక్తి హోదా పెరిగేకొద్దీ ఆకాశానికి దూరమై కాగితాల పనిలో పడిపోతాడా, అలాంటి జీవితం కోసం వరంగల్ పిల్లవాడు ఇంత శ్రమ పడటం అవసరమా అని మీరు అడిగారు. పూర్తిగా మానరు, కానీ నడిపే గంటలు తగ్గుతాయి. ఆ తగ్గడాన్ని నష్టంగా చూడటమే పొరపాటని నా దృఢాభిప్రాయం. మా చిన్నబాపు హెలికాప్టర్ పైలట్‌గా చేరి గ్రూప్ కెప్టెన్‌గా పదవీ విరమణ చేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నారు. నేను చెప్పేదంతా ఆయన జీవితాన్ని దగ్గరగా చూసి ఏర్పరచుకున్నదే.

హోదాల సంగతి క్లుప్తంగా చెబుతాను. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ నుంచి బయటికి వచ్చిన రోజున ఫ్లయింగ్ ఆఫీసర్ అవుతారు. 2 ఏళ్లకు ఫ్లైట్ లెఫ్టినెంట్, 6 ఏళ్లకు స్క్వాడ్రన్ లీడర్, 13 ఏళ్లకు వింగ్ కమాండర్ కావచ్చు. అక్కడివరకు ప్రధానంగా సర్వీసు కాలమే నడిపిస్తుంది. ఆపైన గ్రూప్ కెప్టెన్ మొదలు ఎయిర్ మార్షల్ దాకా బోర్డు ఎంపిక చేయాలి, ఖాళీ ఉండాలి. అందుకోసమే తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, మన సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ వంటి చోట్ల మళ్లీ విద్యార్థులుగా కూర్చుంటారు.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, చిన్నబాపు ఉత్తరాది కొండల్లోని ఒక స్థావరంలో హెలికాప్టర్ యూనిట్‌కు కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు, వేసవి సెలవులకు ఆయన దగ్గరికి వెళ్లాను. ఒకరోజు తెల్లవారకముందే ఫోను మోగింది. ఎత్తైన పోస్టులో ఒక జవానుకు ఊపిరి అందడం లేదని, కిందికి దించకపోతే ప్రాణానికి ప్రమాదమని కబురు. లోయంతా మబ్బు కమ్ముకొని ఉంది. ఆ కొండల్లో పొద్దున్నే వెళ్లిరావాలి. ఎండ ముదిరితే గాలి పలుచనై హెలికాప్టర్ మోయగల బరువు తగ్గిపోతుంది, మధ్యాహ్నానికి కనుమల్లో ఈదురుగాలి లేస్తుంది. అంటే ఆగితే ఒక ప్రమాదం, ఆగకపోతే ఇంకో ప్రమాదం.

ఆయన యూనిఫాం వేసుకుంటుంటే స్వయంగా వెళతారనే అనుకున్నాను. ఎన్నో ఏళ్లు చీతా హెలికాప్టర్ నడిపిన మనిషి, వెళ్లకుండా ఎలా ఉంటారు? చిన్నమ్మ కూడా అదే అడిగింది. ఆయన వెళ్లలేదు. వాతావరణ విభాగంతో మళ్లీ మళ్లీ మాట్లాడుతూ, లోయ ముఖద్వారం తెరుచుకుందన్న సమాచారం వచ్చేదాకా ఇద్దరు యువ పైలట్లను ఆపి ఉంచి, తర్వాత అనుమతి పుస్తకంలో సంతకం చేసి వారిని పంపారు. జవానును క్షేమంగా ఆసుపత్రికి చేర్చారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఉండబట్టలేక కారణం అడిగాను. “నేనే పోతనంటే అడ్డుపడేటోళ్లు లేరు బిడ్డా. కానీ ఆ పిల్లలు నెలంతా అదే లోయల తిరుగుతున్నరు, నేనేమో ఫైళ్ల ముంగట కూసున్న. ఇయ్యాల వాళ్లే నాకంటె మంచిగ నడుపుతరు,” అన్నారు.

పైలట్ నైపుణ్యం ఒకసారి వస్తే శాశ్వతంగా ఉండిపోయేది కాదు. సాధన తగ్గితే చెయ్యి మొద్దుబారుతుంది. ఆ సంగతిని తన విషయంలోనే ఒప్పుకొని, తనకంటే చిన్నవాడిని ముందుకు పంపి, జరగబోయేదానికి తాను జవాబుదారీగా నిలబడటమే పెద్ద అధికారి పని. విమానం నడపడం కంటే అది కష్టమని నేను గట్టిగా నమ్ముతాను. మన వార్తాఛానళ్లు మాత్రం కాక్‌పిట్‌ను తప్ప మరేమీ చూపించవు.

అలాగని పైవారు విమానం ముట్టరని కాదు. 1923లో హైదరాబాద్‌లో పుట్టి, 1978 నుంచి 1981 వరకు వైమానిక దళాధిపతిగా ఉన్న ఇద్రిస్ హసన్ లతీఫ్ పదవీ విరమణకు ముందు మిగ్-25లో ఎగిరారు. దళాధిపతి ధనోవా 2019 మే నెలలో, కార్గిల్ పోరులో అమరుడైన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజాకు నివాళిగా మిగ్-21 నడిపారు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఫాలీ మేజర్ 2007లో ఆ పదవి చేపట్టి, హెలికాప్టర్ విభాగం నుంచి వచ్చిన తొలి దళాధిపతి అయ్యారు. ఇక హైదరాబాద్‌లో చదివిన రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లివచ్చి కూడా వింగ్ కమాండర్‌గానే విరమించారు. కాబట్టి భుజం మీది చారలను బట్టి పైలట్‌ను కొలవడం సరికాదు.

వరంగల్ పిల్లల గురించి కూడా అడిగారు కనుక నా బాధ చెప్పాలి. నేను ఇంటర్మీడియట్ చదివిన కళాశాలలో ఎన్‌డీఏ (సైనికాధికారులను తయారుచేసే జాతీయ రక్షణ అకాడమీ) దరఖాస్తు గురించి అడిగితే, అది మన ప్రాంతపు పిల్లలకు అందే పరీక్ష కాదని ఒక అధ్యాపకుడు తేల్చేశారు. ఇంజనీరింగ్ ర్యాంకులు తప్ప వేరే దారి ఉందని చెప్పేవారే లేరు. నిజాం కాలంలో 1930లో కట్టిన మన వరంగల్ మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. ఆ తర్వాత పుట్టిన మన పిల్లలు తమ ఊళ్లో విమానం దిగడం చూడకుండానే పెరిగారు. 2025లో పునరుద్ధరణకు కేంద్రం అనుమతి ఇచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది.

మీ తమ్ముడో చెల్లెలో ఈ దారిలో వెళ్లాలనుకుంటే ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోమనండి. ఎన్‌డీఏ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, అమ్మాయిలూ రాయవచ్చు. పుస్తకాలు కొనేముందే కంటి పరీక్ష చేయించండి. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే ఫ్లయింగ్ విభాగం దొరకదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎంపికలో భాగమైన పైలట్ అభిరుచి పరీక్షలో ఒకసారి తప్పితే మళ్లీ అవకాశం ఇవ్వరు, అందువల్ల సిద్ధం కాకుండా ఊరికే వెళ్లి చూసివద్దామని మాత్రం పంపకండి.