గోడలో చెమ్మ ఉండగా రంగులు వేయించకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఇంటి వెనకే పంటకాలువ. కట్టి నాలుగేళ్లయింది. పడకగది గోడ నేల నుంచి మూడడుగుల దాకా నల్లబడి ముక్కవాసన వేస్తోంది. రెండుసార్లు పుట్టీ పెట్టి ఆయిల్ పెయింట్ వేయించినా పెచ్చులూడుతోంది. పాపకు దగ్గు తగ్గడం లేదు. ఏం చేయాలి?

జవాబు: బూజు సిమెంటును తినదు. రంగులోని జిగురు, గోడ మీది దుమ్ము, బీరువా వెనక ప్లైవుడ్డు దాని తిండి. నీళ్లు మాత్రం గోడే అందిస్తోంది. కాలువ పారినన్నాళ్లూ మీ నేలలో నీరు పైపైనే ఉంటుంది. పునాది మీద డీపీసీ పొర (చెమ్మ గోడలోకి ఎక్కకుండా అడ్డుగా వేసే పొర) సరిగా లేకపోతే ఇటుక ఆ నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ పెయింట్ దాన్ని ఆవిరి కానివ్వదు, అందుకే పెచ్చులు. టైల్స్ అంటిస్తే చెమ్మ వాటిని దాటి ఇంకా పైకి ఎక్కుతుంది.

ముందు పరీక్షించండి. అడుగు చదరం పాలిథిన్ ముక్కను గోడకు నాలుగంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు నీటిబొట్లు పడితే చెమ్మ లోపలిది. గది వైపు పడితే గాలిలోని తేమ, దానికి కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. తెల్లటి పొడి ఉంటే నీటిచుక్క వేయండి. కరిగితే అది ఉప్పు, బూజు కాదు. ఉప్పునీటి బోరుతో తడిపిన గోడల్లో ఇది మామూలే.

చెమ్మ లోపలిదైతే మరకకు అడుగున్నర పైదాకా పాత ప్లాస్టరింగ్ చెక్కించి తీసేసి ఇటుకను ఆరనివ్వండి. కాలువలు కట్టేసే ఎండాకాలమే దీనికి అదను. గోడ అడుగున నాలుగైదు అంగుళాలకొక రంధ్రం వేసి చెమ్మను ఆపే మందు ఎక్కించాలి. ఇది అనుభవమున్నవాళ్ల పని, ఖర్చు అనుకోకండి. తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన నది ఇసుకతో పూత, పైన వెల్ల. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, దాని క్షారం మీద బూజు తేలిగ్గా పట్టదు.

గోకేటప్పుడు పాపను ఆ గదిలోకి రానివ్వకండి. పొడిగా ఊడిస్తే బూజు రేణువులు గాలిలో లేస్తాయి, ఎన్95 మాస్కు పెట్టుకుని సబ్బునీటి గుడ్డతో తుడవండి. బ్లీచింగులో యాసిడ్ కలిపితే విషవాయువు పుడుతుంది, కలపొద్దు. బీరువాను గోడకు మూడంగుళాలు ఎడంగా జరపండి. దగ్గుకు డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకండి.

ప్రశ్న: శ్లాబు కారి జిప్సం సీలింగ్ మీద మరక పడింది. రంగు వేస్తే సరిపోతుందా? (అమలాపురం)

జవాబు: సరిపోదు. ఆ బోర్డుకు రెండు వైపులా కాగితమే. తడిసి రెండు రోజుల్లో ఆరకపోతే మీకు కనపడని పైవైపు కూడా బూజు పడుతుంది. ముందు శ్లాబు కారుడు ఆపించి, తడిసినంత మేర కోసి పారేసి, కొత్త ముక్క బిగించండి.