వైజాగ్‌లో లైంగిక దాడి గాయం నుంచి కోలుకోవడానికి థెరపిస్టును ఎలా వెతకాలి?

చిన్నప్పటి లైంగిక దాడి ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదని, వైజాగ్‌లో ఎవరిని కలవాలని అడిగారు. ముందు ఒక మాట: తప్పు మీది కాదండీ.

ఇవాళే మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం. అర్ధరాత్రి అయినా తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రైవేటులో అయితే, క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. గుమ్మం మీద 'కౌన్సెలర్' అన్న బోర్డు ఒక్కటే చాలదు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: ఇలాంటి ట్రామా (మానసిక గాయం) ఉన్నవాళ్లకు ఇదివరకు థెరపీ ఇచ్చారా? ఏ పద్ధతిలో? మొదటి రోజే అంతా చెప్పమని తొందరపెట్టినా, "అప్పుడెందుకు అరవలేదు" అన్నా లేచి వచ్చేయండి. తలుపు పక్క కుర్చీ కావాలన్నా, లేడీ థెరపిస్టే కావాలన్నా మొహమాటపడకండి.