వంటింటి అల్మరాల రంగు విషయమై అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

విశాఖ లాసన్స్ బే కాలనీ ఇంట్లో వంటింటి అల్మరాలు పీకించి కొత్తవి పెట్టించాలని అనుకుంటున్నట్లు మీ నాన్న చెప్పాడు. తొందరపడవద్దమ్మా, ఉన్నవాటికే కొత్త రంగు వేయిస్తే చాలు. అవి టేకు చట్రాలతో, మందమైన ప్లైవుడ్‌తో కట్టినవి. ఆ చెక్కను పారేసి, నీళ్లు తగిలితే ఉబ్బిపోయే పార్టికల్ బోర్డును తెచ్చుకోవడం నాకు మనసొప్పదు. అయితే ముందుగా సింకు కింది అరను ఖాళీ చేసి, అడుగు పలకను సన్నటి మేకు మొనతో గుచ్చి చూడు. మొన సులువుగా దిగినా, పలక పొరలు విడినా, చెదల మట్టి దారులు కనిపించినా ఆ ముక్కను వడ్రంగి చేత మార్పించాలి. కుళ్లిన చెక్కను ఏ రంగూ నిలబెట్టదు.

ఇక అసలు పని రంగు డబ్బా తెరవక ముందే ఉంది. ఏళ్ల తరబడి పోపుల పొగ, నూనె ఆవిరి పట్టి తలుపుల మీద, ముఖ్యంగా పొయ్యికి దగ్గరి వాటి మీద, కంటికి కనిపించని జిడ్డు పొర ఉంటుంది. దానిని కడగకుండా సాండ్‌పేపర్ పట్టిస్తే జిడ్డు పోదు సరికదా, చెక్కలోకి ఇంకి, తరువాత రంగు చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. అందుకని సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో తుడిపించి, మంచి నీటి గుడ్డతో మళ్లీ తుడిపించి, పూర్తిగా ఆరనిచ్చిన తరువాతే 180 నంబరు, ఆపైన 240 నంబరు కాగితం పట్టించు. లప్పం, ప్రైమర్ అనే అడుగు పూత అయ్యాక 320 నంబరుతో మరొకసారి పట్టించాలి. సన్‌మైకా అంటించిన తలుపులైతే ఆ నునుపు పోయేదాకా గీయించి, దానికి పట్టే ప్రత్యేక ప్రైమర్‌నే వాడించు. పాత ఎనామిల్ రంగున్న చోట పొడిగా గీయనివ్వవద్దు. రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించరాదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమలులోకి రాలేదు. అంతకు ముందటి రంగుల్లో అది ఎక్కువగా ఉండవచ్చు కనుక నీళ్లతో తడిపే సాండ్‌పేపర్‌తోనే రుద్దించి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకు.

తలుపులను విప్పించి, మడతబందు కూర్చునే గుంటలో పెన్సిలుతో వరుస సంఖ్య వేయించి, దాని మీద టేపు అంటించమను. బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో వెతుక్కోనక్కరలేదు. తలుపులకు స్ప్రే గన్‌తో పీయూ (పాలీయురెథేన్) రంగు కొట్టించి, గోడకున్న పెట్టెలకు చిన్న రోలరుతో వేయిస్తే చాలు. పీయూలో గట్టిపరిచే ద్రవాన్ని కలిపాక అది కొన్ని గంటలే పనికి వస్తుంది కాబట్టి ఆ పూటకు సరిపడా మాత్రమే కలపాలి. గన్‌తో కొట్టేటప్పుడు లేచే పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పనివాడు గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు ఉండాలి. రంగును పలచన చేసే థిన్నర్ వాసన పోయేవరకు వంటింట్లో పొయ్యి వెలిగించవద్దు.

మన సముద్రపు తేమను మాత్రం తేలికగా తీసుకోకు. ఒక ఆగస్టులో, ఇంటివారి తొందరకు లొంగి, బీచ్ రోడ్డుకు దగ్గరి ఒక ఇంట్లో తలుపులకు డ్యూకో అనే త్వరగా ఆరే రంగు కొట్టించాను. థిన్నర్ వేగంగా ఆవిరై పైపొర చల్లబడగానే గాలిలోని తేమ దాని మీద చేరి, రంగంతా పాలు పోసినట్లు తెల్లబారింది. మొత్తం గీయించి మళ్లీ మొదటి నుంచి చేయించవలసి వచ్చింది. పీయూకైనా ఆ తేమ మంచిది కాదు, పైపొరలో బుడగలు లేస్తాయి. కాబట్టి వానలు, తుపానుల రోజులు గడిచి, డిసెంబరు వచ్చాక పని మొదలుపెట్టించు. ఆ నెలల్లో కూడా మంచు తగ్గిన పది గంటల తరువాతే గన్ పట్టించి, సాయంత్రం నాలుగింటికల్లా ఆపించు.

మడతబందులు, మరలు పాతవే బిగించవద్దు. ఉప్పుగాలికి పట్టిన తుప్పు కొత్త రంగు మీదికి కారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువే కొను. రంగు చేతికి అంటకపోయినా లోపల గట్టిపడడానికి వారం పడుతుంది, అందాకా తలుపులను తడిగుడ్డతో తుడవకు. మేస్త్రీ ధర చెప్పడానికి వచ్చే రోజు ముందుగా కబురు పెడితే నేనూ వచ్చి, ఒక్కొక్క తలుపూ చూసి మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న