సంఘ సంవత్సరపు చివరి ఆదివారం

ప్రశ్న: మేము వెళ్ళే తెలుగు ఆరాధనలో, సంఘ సంవత్సరం, అంటే క్రైస్తవ ఆరాధనల సంవత్సరం, నవంబరులోనే ముగుస్తుందని అయ్యగారు చెప్పారు. డిసెంబరు 31 రాత్రి చెల్లించే కృతజ్ఞతలు ఇప్పుడే చెల్లించాలా? – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రెండుసార్లూ చెల్లించండమ్మా. నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆదివారంతో, క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం, దానితోపాటే కొత్త సంఘ సంవత్సరం మొదలవుతాయి కనుక, అంతకు ముందటి ఆదివారమే పాత సంవత్సరానికి చివరిది. ఆనాడు అనేక సంఘాలు క్రీస్తు రాజు పండుగ ఆచరిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధపు గాయాలు మానని రోజుల్లో, 1925లో, పదకొండవ పయస్ పోపు దీనిని నెలకొల్పారు. అక్టోబరు చివరి ఆదివారం జరిగే ఆ పండుగను 1969 నాటి కాథలిక్ పండుగల పట్టిక సవరణ సంఘ సంవత్సరాంతానికి మార్చింది. ఆ మార్పు నాకెంతో సముచితంగా తోస్తుంది. ఉద్యోగం పోయిన ఇంట్లోనైనా, మనిషిని పోగొట్టుకున్న ఇంట్లోనైనా, ఏడాది క్రీస్తు చేతిలోనే ముగిసిందన్న ధైర్యం అది ఇస్తుంది.

ఆ ఉదయం కుటుంబమంతా 103వ కీర్తన చదివి, ఒక్కొక్కరూ ఒక మేలును పేరుపెట్టి చెప్పండి. ఊరుగాని ఊరిలో మీకు అద్దె ఇల్లు చూపించినవారిని కూడా తలచుకోండి. ఆరాధన జరిగే చోట బల్లమీద నెలల తరబడి ఉన్న పచ్చ వస్త్రం స్థానంలో ఆరోజు తెలుపు, మరుసటి వారం ఊదా కనిపిస్తే పిల్లలకు చూపించి, రాబోయే ఏడాదికి తాము దేవుణ్ణి ఏమి అడగదలచుకున్నారో వారినే ప్రార్థనలో చెప్పనివ్వండి.