చిన్న కారుకు ఆఫ్‌రోడ్ టైర్లు వేయించవచ్చా?

వేయించవచ్చు, కానీ కొత్త టైరు మొత్తం ఎత్తు కంపెనీ టైరు కన్నా సుమారు 3 శాతానికి మించకూడదు. చిన్న కార్లలో చక్రం చుట్టూ ఖాళీ తక్కువ. టైరు పెద్దదైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు రాసుకుంటుంది. పైగా పెద్ద, బరువైన టైరును తిప్పడానికి చిన్న ఇంజిన్ కష్టపడుతుంది: ఎత్తుల మీద క్లచ్ అరుగుతుంది, మైలేజీ పడిపోతుంది.

ఆల్టో కే10 టైరు 145/80 ఆర్13 (వెడల్పు 145 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 13 అంగుళాలు), మొత్తం ఎత్తు 562 మి.మీ. 155/80 ఆర్13 వేస్తే 578, అంటే 2.8 శాతం ఎక్కువ, ఫరవాలేదు. 165/80 ఆర్13 అయితే 594. అప్పుడు మీటరు 60 చూపిస్తుంటే బండి 63 మీద పోతుంటుంది. ముందు రెండు టైర్లు బిగించాక నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పుతూ స్పీడ్ బ్రేకర్ మెల్లగా ఎక్కించండి. లైనర్ మీద నల్లగీత పడిందంటే ఆ సైజు వద్దు.

ఈ టైర్లు వేస్తే కారు జీపులా బురద దాటేస్తుందని చాలామంది అనుకుంటారు. దాటదు. పెరిగిన ఎత్తులో సగమే గ్రౌండ్ క్లియరెన్స్‌కు, అంటే బండి అడుగుకూ నేలకూ మధ్య ఖాళీకి, కలుస్తుంది. 155 టైరుతో వచ్చేది 8 మి.మీ. మాత్రమే. ముందు చక్రాల్లో ఒకటి బురదలో జారితే అదే గిర్రున తిరుగుతుంది, రెండోది బండిని లాగదు. పెద్ద గుబ్బల మడ్ టైర్లయితే వానలో హైదరాబాద్ తారురోడ్ల మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ఇది ప్రాణాలతో పని. వికారాబాద్ వైపు పొలానికి వారానికోసారి మట్టిదారిన వెళ్లేవాళ్లకు తారురోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం చాలు.