రామిప్రిల్ మొదలుపెట్టాక అమ్మకు పొడిదగ్గు: సమాధానం

అమ్మగారు బీపీకి రామిప్రిల్ మొదలుపెట్టి రెండు నెలలైంది, నెల నుంచి పొడిదగ్గు, ఎక్స్‌రే బాగానే ఉంది, రెండు సీసాల సిరప్ తాగినా తగ్గలేదు అన్నారు కదండీ. నా అనుమానం ఆ బీపీ మాత్ర మీదే.

రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ 2 తయారవ్వాలంటే ఒంట్లో ఏసీఈ అనే ఎంజైమ్ ఉండాలి. రామిప్రిల్ దాన్ని అడ్డుకుంటుంది, నాళాలు వదులై బీపీ దిగుతుంది. చిక్కల్లా ఏంటంటే బ్రాడికినిన్ అనే ఇంకో పదార్థాన్ని విరగ్గొట్టేదీ ఆ ఎంజైమే, అది ఆగేసరికి బ్రాడికినిన్ పోగుపడి గొంతులో గరగర, కఫం లేని దగ్గు. అందరికీ రాదు, ఆడవాళ్లకు కాస్త ఎక్కువ. ఎనాలాప్రిల్, లిసినోప్రిల్, ఇలా చివర 'ప్రిల్' ఉన్నవన్నీ ఒక తానులో ముక్కలే, కాబట్టి ఒకటి తీసి ఇంకోటి వేసుకున్నా పెద్దగా లాభం ఉండదు.

అలాగని మాత్ర మీరే ఆపేయకండి, బీపీ మళ్లీ పెరుగుతుంది. డాక్టర్‌కు దగ్గు సంగతి చెప్పండి, మామూలుగా టెల్మిసార్టాన్ లాంటి వేరే రకం బీపీ మాత్రకు మారుస్తారు, దాంతో ఈ దగ్గు అరుదు. మార్చిన మర్నాడే పోదు, 1 నుంచి 4 వారాలు, కొందరికి 3 నెలల దాకా పడుతుంది, టెన్షన్ పడకండి.

పెదాలు, నాలుక, ముఖం వాస్తే మాత్రం ఆగొద్దు, తర్వాతి డోసు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇది అరుదే కానీ ప్రమాదం. ఆ సిరప్ సీసా మీద ఫినైలెఫ్రిన్ అని ఉందేమో కూడా చూడండి, ముక్కుదిబ్బడకు కలిపే ఆ మందు బీపీని పెంచుతుంది.